గాలిలో నిలిచిన బాలుడు

ఉపమాక గ్రామము అనకాపల్లి జిల్లాలో నక్కపల్లికి చేరువ నున్నది. ఆ యూరి కొండపై వేంకటేశ్వరస్వామి కొలువై యున్నాడు. ఫాల్గుణ మాసమున స్వామివారి కల్యాణము జరుగునప్పుడు చుట్టుప్రక్కల పల్లెల నుండి జనులు తండోపతండములుగా వత్తురు. జీళ్ళు, ఖర్జూరము, గాజులు, రంగుల బుడగలు, చెక్క బొమ్మలు అమ్మువారితో వీధులన్నియు నిండిపోవును. ఆ సందడిలో ఛాయాచిత్రములు తీయించుకొనువారికి కొదువ లేదు. పూర్వము తీర్థములలో రంగుల తెర నొకదానిని కట్టి, దాని ముందు కుటుంబము నంతను నిలువబెట్టి చిత్రము తీసెడివారు. కదలవద్దని, రెప్ప వేయవద్దని పదే పదే హెచ్చరించెడివారు. నేడు చేతిఫోనులోనే కెమెరా యున్నది. కదలవద్దని చెప్పువాడును లేడు, చెప్పినను వినువాడును లేడు.

అట్టి తీర్థమునాడు ఒక బాలుడు నాలుగు మెట్ల పైనుండి ఒక్క ఉదుటున దూకినాడనుకొనుడు. వాని అన్న సరిగా ఆ క్షణముననే కెమెరా మీట నొక్కినాడు. చిత్రములో బాలుడు గాలిలో నున్నాడు. చేతులు రెక్కలవలె చాచియున్నవి. చొక్కా గాలికి ఉబ్బియున్నది. పాదముల క్రింద ఏ ఆధారమును లేదు. ఇంటి కడ నున్న అమ్మమ్మ ఆ చిత్రమును చూచి ముచ్చటపడి, వెంటనే ఒక ప్రశ్న వేయును: "తరువాత ఏమైనది నాయనా? పడ్డావా, నిలిచావా?"

చిత్రము దానికి జవాబు చెప్పజాలదు. అది ఒక్క క్షణమును మాత్రమే ఎరుగును. ముందు వెనుకల సంగతి దానికి తెలియదు. చక్రముల పలకపై నిలిచి గాలిలోని కెగురువారిని చిత్రించు ఛాయాగ్రాహకులకు ఆ అమ్మమ్మ ప్రశ్న క్రొత్తది కాదు. అరువది యేండ్లుగా వారి వృత్తిధర్మ మంతయు దాని చుట్టునే తిరుగుచున్నది.

ఆ చక్రముల పలకను స్కేటుబోర్డు అందురు. తెలుగునాట బేరింగుల బండి నెరుగని వీధి అరుదు. లారీషెడ్డులో పారవేసిన పాత బేరింగులను తెచ్చి, ఒక చెక్కకు బిగించి, దానిపై కూర్చుండి, పల్లపు దారిలో గరగర ధ్వనితో జారిపోవుట పిల్లల కెంతో ఇష్టమయిన ఆట. స్కేటుబోర్డు దానికి దూరపు చుట్టము. రెండింటికిని భేద మేమన, బేరింగుల బండిపై కూర్చుందురు, స్కేటుబోర్డుపై నిలుతురు. పలక సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు కలిగి, రెండు కొనలయందును కొంచెము పైకి వంగి యుండును. మేపుల్ అను చెట్టు కలపను పలుచని రేకులుగా చీల్చి, సాధారణముగా ఏడు రేకులను జిగురుతో అతికి, అచ్చులో నొత్తి దానిని తయారుచేయుదురు. క్రింద రెండు ఇరుసులు, నాలుగు చిన్న చక్రములు ఉండును. పట్టుకొనుటకు పగ్గము లేదు, త్రిప్పుటకు చుక్కాని లేదు. ఇరుసుల నడుమ రబ్బరు దిండ్లు ఉండుటచేత, నిలిచినవాడు ఏ వైపునకు ఒరిగిన పలక ఆ వైపునకు తిరుగును. శరీరమే చుక్కాని.

ఇది 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియా సముద్రతీరమున పుట్టినది. అచ్చటి యువకులు పలకలపై నిలిచి సముద్రపు అలలమీద జారు ఆటలో ఆరితేరినవారు. అలలు లేని దినములలో వారికి ప్రొద్దుపోక, చక్రముల చెప్పుల నుండి చక్రములను ఊడదీసి చెక్కలకు కొట్టి, వీధులనే సముద్రముగా భావించి జారసాగిరి. ఆనాటి చక్రములు ఇనుముతోను మట్టితోను చేసినవి. దారిలో చిన్న గులకరాయి అడ్డుపడినను పలక ఆగిపోయెడిది. మనిషి మాత్రము ఆగెడివాడు కాడు! 1970 తరువాత ఫ్రాంక్ నాస్వర్తీ అను యువకుడు పాలీయూరిథేన్ అను మెత్తని పదార్థముతో చేసిన చక్రములను ప్రచారములోనికి తెచ్చెను. అవి నేలను పట్టుకొని పరుగెత్తును, ధ్వని తక్కువ, చిన్న రాళ్ళను లెక్కచేయవు. ఆ దశాబ్దపు నడుమ కాలిఫోర్నియాలో అనావృష్టి వచ్చి, అనేక గృహములలోని ఈతకొలనులు ఎండిపోయినవి. గిన్నె అంచువలె వంపు తిరిగిన ఆ కొలనుల గోడలపై పిల్లలు పలకలతో పైకి ప్రాకిరి. యజమానుల అనుమతి ఉన్నదా యన్న విచారణ అప్పుడు వారికి లేకపోయెను. పొరుగువారు కేకలు వేయుటయు, పిల్లలు గోడ దూకి పారిపోవుటయు నిత్యకృత్యమయ్యెను.

ఈ క్రీడలోని ముఖ్య విన్యాసమునకు 'ఆలీ' అని పేరు. చేతితో పట్టుకొనకయే, కాలికి కట్టుకొనకయే, పలకతో సహా గాలిలోని కెగురుట ఆలీ. 1970 దశాబ్దపు చివర ఆలన్ గెల్ఫండ్ అను బాలుడు వంపు గోడలపై దీనిని సాధించెను. కొలదికాలమునకు రాడ్నీ మల్లెన్ చదును నేలపై సాధించి చూపెను. చూచువారికి పలక పాదములకు అంటుకొన్నదేమో అనిపించును. నిజమున కందులో మాయ లేదు. వెనుక పాదముతో పలక తోకను బలముగ నేలకు కొట్టగా ముందు కొన పైకి లేచును. ఆ లేచు క్షణముననే ఆటగాడు తానును ఎగిరి, ముందు పాదపు ప్రక్కభాగముతో పలకను రాచుచు ముందునకు లాగును. దానితో తోకయు పైకి వచ్చి పలక సమమగును. పాదము పలకను మోయుటలేదు, పలక పాదమును మోయుటలేదు. రెండును కలిసి ప్రయాణము చేయుచున్నవి. ఈ ఒక్కదానిని నేర్చుటకు నెలల తరబడి మోకాళ్ళు గీరుకొనిపోవలసి యుండును. శిరస్త్రాణము, మోకాలి చిప్పలకు తొడుగులు లేనిదే దీని జోలికి పోరాదు.

ఒకప్పుడు అల్లరిపిల్లల ఆటయని పెద్దలు ఈసడించిన ఈ క్రీడ 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించుకొనెను. అచ్చట వీధి విన్యాసముల పోటీలో స్వర్ణపతకము గెలిచిన జపాను బాలిక మోమిజి నిషియా వయస్సు 13 సంవత్సరములు. ఎనిమిదవ తరగతి చదువు వయస్సు!

ఇక ఛాయాచిత్రము మాట. కదలుచున్న దానిని కదలనట్లు పట్టుట ఒకనాడు అసాధ్యముగ నుండెను. పరుగెత్తు గుఱ్ఱముయొక్క నాలుగు కాళ్ళును ఏ క్షణముననైన నేలను వీడునా యన్నది పెద్ద వివాదమై యుండెను. కంటికి చిక్కదు, చిత్రకారులు ఎవరి ఊహకు తోచినట్లు వారు వ్రాసిరి. 1878 జూన్ మాసమున ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలో గుఱ్ఱపు బాట ప్రక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపి, వాని మీటలకు కట్టిన దారములను బాటకు అడ్డముగ సాగదీసెను. గుఱ్ఱము పరుగెత్తుచు ఒక్కొక్క దారమును తెంచిన కొలది ఒక్కొక్క కెమెరా పనిచేసెను. నాలుగు కాళ్ళును నేలను వీడు క్షణము ఉన్నదని తేలెను. అయితే చిత్రకారులు వ్రాసినట్లు కాళ్ళు ముందు వెనుకలకు చాచియున్నప్పుడు కాదు. కడుపు క్రిందకు ముడుచుకొన్నప్పుడు. కొన్ని శతాబ్దములు కన్ను చేసిన తప్పును పండ్రెండు చిత్రములు దిద్దినవి. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు: దానిని దిద్దినది ఒక్క చిత్రము కాదు, వరుస.

కెమెరాలో కాంతిని లోనికి వదలి మరల మూయు రెప్ప యొకటి కలదు. దానిని షట్టరు అందురు. ఆ రెప్ప ఎంతసేపు తెరచియున్నదో అంతసేపు జరిగిన కదలిక అంతయు చిత్రములో అలుకుకొనిపోవును. స్కేటుబోర్డు సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. రెప్ప సెకనులో 60వ వంతు తెరచియున్నచో ఆ లోపల పలక 8 సెంటీమీటర్లు ముందుకు జరుగును. చిత్రములో చక్రములు పొగవలె కనిపించును. 1000వ వంతు మాత్రమే తెరచిన యెడల జరుగునది అర సెంటీమీటరు. చక్రముపై అంటిన మట్టియు స్పష్టముగ కనబడును. చీకటి పడు వేళ అంత కొలది కాలములో చాలినంత కాంతి లోనికి రాదు. అందుచేత మెరుపు దీపమును వాడుదురు. ఆ మెరుపు సెకనులో వేయవ వంతుకంటె తక్కువ కాలములో వెలిగి ఆరిపోవును గనుక, కదలిక నాపు పని రెప్పకు బదులు మెరుపే చేయును. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు ఇట్టి మెరుపులతోనే పాలచుక్క పడినప్పుడు లేచు కిరీటమువంటి ఆకారమును లోకమునకు చూపెను.

అయినను పరికరము ఎంత గొప్పదైనను, ఎప్పుడు మీట నొక్కవలెనో అది చెప్పదు. అచ్చట ఎనిమిదవ తరగతి భౌతికశాస్త్రము కంటె కొంచెము ఎక్కువ లెక్క యున్నది, కాని కష్టమయినది కాదు. ఒక బాలుడు పలకతో 45 సెంటీమీటర్ల ఎత్తున కెగిరెననుకొనుడు. పైకి పోయి మరల నేలకు వచ్చుటకు మొత్తము సెకనులో ఆరు పదియవ వంతులు పట్టును. నేలను వీడిన మొదటి పదియవ వంతు సెకనులో అతడు 25 సెంటీమీటర్లు పైకి పోవును. తరువాత వేగము తగ్గుచు తగ్గుచు శిఖరమున ఒక్క క్షణము శూన్యమగును. శిఖరమునకు ఇటు పదియవ వంతు, అటు పదియవ వంతు కాలములో అతని ఎత్తు 5 సెంటీమీటర్లకు మించి మారదు. అనగా అతడు గాలిలో నున్న కాలములో మూడవ వంతు ఆ చిట్టచివరి 5 సెంటీమీటర్లలోనే గడుపుచున్నాడు. గొప్ప ఆటగాండ్రు గాలిలో నిలిచిపోయినట్లు తోచుటకు కారణ మిదియే. ఛాయాగ్రాహకుడు కాచుకొని యుండునది ఆ శిఖరము కొరకే. అయితే కన్ను చూచి, మనస్సు గ్రహించి, వ్రేలు కదలుటకు కొంత కాలము పట్టును గనుక, శిఖరమును చూచి మీట నొక్కినవానికి దక్కునది దిగుదల. రానున్న దానిని ముందే ఊహించి నొక్కవలెను. అందుకే ఈ చిత్రములు తీయువారిలో పెక్కుమంది ఒకప్పుడు తామును ఆ పలకపై పడి లేచినవారే.

ఇట్లు తీసిన చిత్రము రెండు విధముల అబద్ధ మాడగలదు. మొదటిది కటకముతో. చేపకన్ను అని పిలువబడు ఉబ్బెత్తు కటకము అర్ధవృత్తమంత దృశ్యమును ఒక్కసారిగా పట్టును. దగ్గరి వస్తువును పెద్దదిగను, దూరపుదానిని మిక్కిలి చిన్నదిగను చూపును. దానితో నేలబారుగ పడుకొని, ఆటగానికి మూరెడు దూరమునుండి తీసినచో నడుమెత్తు గోడ నిలువెత్తు గోడవలె కనబడును. ఆ మూరెడు దూరములో పలక తప్పి వచ్చి కటకమును పగులగొట్టుటయు కలదు. ఆ సాహసమునకు తగిన కూలి చిత్రములోని అతిశయోక్తియేమో!

రెండవ అబద్ధము అంతకంటె లోతయినది. శిఖరమున నున్న ఆటగాడు తరువాత సురక్షితముగ దిగెనా, బోర్లపడెనా యన్నది చిత్రములో లేదు. విన్యాసము చేతకాని వాడును ఎంతో ఎత్తుకు ఎగురగలడు; దిగలేడు, అంతే. ఆ రెండు చిత్రములును ఒక్కటే. 1964లో జాన్ సెవర్సన్ అను నతడు ఈ క్రీడకై ఒక పత్రికను ప్రారంభించెను. మరుసటి సంవత్సరము మే 14వ తేదీన 'లైఫ్' అను సుప్రసిద్ధ పత్రిక ముఖచిత్రముపై పాట్ మెక్‌గీ అను యువతి, దొర్లుచున్న పలకపై చేతులాని, కాళ్ళు ఆకసమున కెత్తి దర్శనమిచ్చెను. తరువాత తరువాత పత్రికలు పెరిగినవి. చిత్రములకు విలువ పెరిగినది. దానితోపాటు అనుమానమును పెరిగినది. అప్పుడు ఈ క్రీడలోనివారు తమలో తామొక కట్టుబాటును ఏర్పరచుకొనిరి: ఆటగాడు దిగి నిలిచి ముందుకు సాగిపోయిన విన్యాసమునే అచ్చువేయవలెను, పడిపోయినదానిని, ఎంత అందముగ నున్నను, సాధించినట్లు అచ్చువేయరాదు. ఇది ఏ ప్రభుత్వమును చేసిన శాసనము కాదు. కనుక ఆటగాడు ఒక్క చిత్రము కొరకు ఇరువదిసార్లు, ముప్పదిసార్లు పడి లేచుటయు, ఛాయాగ్రాహకుడు సాయంకాలమంతయు నేలపై ఓపికతో పడియుండుటయు ఈ రంగమున సామాన్యమయినది. నమ్మకము కుదుర్చుటకు కొందరు మైబ్రిడ్జ్ పద్ధతినే అనుసరించి, ఎగురుట మొదలు దిగుట వరకు చిత్రములను వరుసగా ముద్రించిరి. నేటి కెమెరా సెకనుకు పది చిత్రములు తీసినను, పైని చెప్పిన ఎగురుటలో ఆరు చిత్రములు చిక్కును. ఉపమాక అమ్మమ్మ ప్రశ్నకు ఆరవ చిత్రములో జవాబున్నది.

అయినను ఆ కట్టుబాటు ఛాయాగ్రాహకుని మాటపై నిలిచినదే. మాటకు సాక్షులు కావలెను. పత్రిక చదువువారు సాక్షులు కారు. వారు దూరమున నున్నారు. అసలు సాక్షులు ఆ వీధిలో నున్నారు: అరుగుపై కూర్చున్న తాత, కొళాయి కడ బిందె నింపుకొనుచున్న ఇల్లాలు, తనవంతు కొరకు కాచుకొన్న పిల్లలు. వారు ఎన్నిసార్లు పడెనో లెక్కపెట్టినవారు. కనుక చిత్రములను తీసిన చోటనే, తీయబడినవారి నడుమనే ప్రదర్శించుట ఉత్తమమన్న ఆలోచన ఊరి ప్రదర్శనములకు మూలము. అచ్చట చిత్రము అబద్ధ మాడలేదు. ఆడినచో అప్పుడే ఎవడో ఒక పిల్లవాడు "అప్పుడు వీడు పడిపోయినాడు!" అని అరచును.

ఇట్టి ప్రదర్శనము తెలుగువారికి పరాయిది కాదు. సంక్రాంతినాడు మెట్లు మెట్లుగా బొమ్మలను పేర్చి, ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలుచు బొమ్మల కొలువు ఇంటింటి ప్రదర్శనమే కదా! ఉపమాక సమీపమున వరాహనది ఒడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెపై చెక్కి లక్కరంగులు పూసిన బొమ్మలు ఎన్నో ఇండ్ల కొలువుల కెక్కినవి. కొలువులో టిక్కెట్టు లేదు, కావలివాడు లేడు. చూడవచ్చినవారే గుణదోషములు చెప్పుదురు, చేసినవారే వినుదురు. హైదరాబాదులో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అను సంస్థ ఖైరతాబాదు సమీపమున నున్న ఎమ్.ఎస్. మక్తా అను బస్తీలో ఇండ్ల గోడలపై పెద్ద చిత్రములు వ్రాయించెను. ప్రదర్శనశాలకు ఎన్నడును పోనివారి గుమ్మములోనికి చిత్రము నడిచివచ్చెను.

స్కేటుబోర్డును కళయును కలిసిన చోటు మన దేశమున ఒక చిన్న పల్లెటూరు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ గ్రామమున 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అను జర్మను వనిత స్కేటుబోర్డు మైదానము నొకదానిని కట్టించెను. ధనము కొరకు ఆమె ఎన్నుకొన్న ఉపాయము వింతయైనది: పలువురు చిత్రకారులచేత స్కేటుబోర్డు పలకలపై బొమ్మలు వేయించి వేలమునకు పెట్టించెను. అచ్చట రెండే నియమములు: బడికి పోనివానికి పలక లేదు; పలకకు మొదటి హక్కు బాలికలది. ఆ పల్లెబాలిక ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో పాల్గొనెను. తమిళనాడులోని మహాబలిపురమున స్కేటుబోర్డు నేర్చిన ఒక బాలికను, ఆమె తల్లిని గూర్చి తీసిన 'కమలి' అను లఘుచిత్రము 2019లో వెలువడి పలు దేశములవారి మన్నన పొందెను. కాళ్ళకు చెప్పులు లేక, గౌను తొడుగుకొని వాలుగోడ దిగుచున్న ఆ బాలిక ఛాయాచిత్రమే అంతకుముందు ఆమెను లోకమునకు పరిచయము చేసినది.

అయితే చిత్రము దూరము పోవుకొలది మరియొక చిక్కు పుట్టును. చిత్రములోని బిడ్డకు దానిపై హక్కేమి? 2007లో ఆలివర్ పెర్కోవిచ్ అను ఆస్ట్రేలియా దేశీయుడు ఆఫ్ఘనిస్థానమునకు కొన్ని స్కేటుబోర్డులతో పోయి, కాబూలు వీధులలో పిల్లలకు నేర్పనారంభించెను. అట్లు 'స్కేటిస్థాన్' అను పాఠశాల వెలసెను. సైకిలు తొక్కుటకు అనుమతిలేని బాలికలు స్కేటుబోర్డుపై నిలువగలిగిరి. దీనిని నిషేధింపవలెనని ఎవరికిని అప్పటికి తోచలేదు. జెస్సికా ఫుల్ఫర్డ్-డాబ్సన్ అను బ్రిటిషు ఛాయాగ్రాహకురాలు అచ్చటి ఒక చిన్న బాలిక, చేత పలక పట్టుకొని నిలిచినదానిని చిత్రించెను. 2014లో ఆ చిత్రమునకు లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీవారి పోటీలో రెండవ బహుమానము వచ్చెను. 2015లో కాబూలు బాలికల చిత్రములన్నియు లండనులో ప్రదర్శింపబడెను. వేలకొలది జనులు చూచి మెచ్చుకొనిరి. ఆ చిత్రములలో గాలిలోని కెగురువారి కంటె నిలిచి సూటిగ చూచువారే మనస్సున నాటుకొందురు.

2021 ఆగస్టులో ఆ దేశమున పాలన మారినది. స్కేటిస్థాన్ అచ్చటి తన తరగతులను నిలిపివేసెను. ఆ దినములలో అనేక ఆఫ్ఘను స్త్రీలు తమ ఛాయాచిత్రములను తామే చించివేసుకొనిరి, ఫోనులనుండి తొలగించుకొనిరి. చదువుకొన్నట్లు, ఆడుకొన్నట్లు రుజువు చూపు చిత్రమే ప్రాణభయమునకు హేతువగునని వారు బెదరిరి. నిన్న గర్వకారణమయిన చిత్రము నేడు నేరారోపణ పత్రమైనది. చిత్రము మారలేదు. దాని చుట్టునున్న లోకము మారినది.

ఈ జాగ్రత్త ఇప్పుడు క్రొత్తగ పుట్టినది కాదు. నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగ ఒక స్టూడియోను ఏర్పరచెను. అందులో చిత్రము తీయువారును స్త్రీలే. ఆ చిత్రము ఎవరి కంటబడవలెనో, ఎవరి కంటబడరాదో కుటుంబమే నిర్ణయించుకొనెడిది. ఆనాటి పరదా ఆచారము నేడు లేకపోవచ్చును; కాని తీయబడినవారి ఇష్టమును అడుగవలెనన్న మర్యాద మాత్రము పాతబడలేదు. పిల్లల చిత్రమైనచో పిల్లలనును, తలిదండ్రులనును అడుగవలెను. ఒకసారి సమ్మతించి, మరునాడు వలదన్న యెడల గోడనుండి తీసివేయవలెను. గ్రామప్రదర్శనమున ఇది సుసాధ్యము. చేతిఫోనుల ద్వారమున లోకమంతట వ్యాపించిన చిత్రమును వెనుకకు పిలుచుట ఎవరి తరము?

ఉపమాకవంటి యూరిలో అట్టి ప్రదర్శనము పెట్టుటకు పెద్ద భవనము అక్కరలేదు. బడి వరండాయో, రచ్చబండ చుట్టునున్న నీడయో చాలును. స్కేటుబోర్డే యుండవలెనన్న నియమమును లేదు. బేరింగుల బండి, సైకిలు టైరు, చెరువుగట్టు మీదినుండి దూకు పిల్లలు, కబడ్డీలో కూత పెట్టుచు పరుగెత్తువాడు, అందరిలోను ఆ శిఖరక్షణము ఉన్నది. చిత్రములను దళసరి కాగితముపై అచ్చువేయించి, బట్టలారవేసినట్లు త్రాటికి పట్టుకొయ్యలతో తగిలించిన సరిపోవును. పెద్దల కంటి ఎత్తున తగిలించుట తరచుగ జరుగు పొరపాటు; పిల్లలు మెడలు నిక్కించి చూడవలసివచ్చును. నాలుగడుగుల ఎత్తున నున్న, పిల్లలు నిలిచి చూతురు, పెద్దలు కొంచెము వంగుదురు. ఎండ నేరుగ తగులు గోడ పనికిరాదు, రంగులు వెలిసిపోవును. ప్రతి చిత్రము క్రిందను ఎచ్చట, ఎప్పుడు తీసినది వ్రాయవలెను. ఎన్నవసారి ఎగిరినప్పుడు తీసినది, తరువాత ఏమైనది కూడ వ్రాసినచో మరియు మంచిది. పడిపోయిన చిత్రమును పడిపోయినట్లే చెప్పి తగిలింపవచ్చును. అట్టి చిత్రముల ముందు జనము ఎక్కువసేపు నిలుచుట వింత కాదు.

తీర్థమునాడు మెట్లు దూకిన బాలుని చిత్రము అట్టి త్రాటిపై ఆరు చిత్రముల వరుసగా వ్రేలాడుచున్నదనుకొనుడు. మొదటిదానిలో మోకాళ్ళు వంగియున్నవి. మూడవదానిలో చేతులు రెక్కలైనవి. అయిదవదానిలో మడమలు నేలను తాకుచున్నవి. ఆరవదానిలో వాడు చతికిలబడి, ఒక చేత మోచేతిని పట్టుకొని, నోరంత తెరచి నవ్వుచున్నాడు. ప్రక్కనున్న జీళ్ళ దుకాణపువాడు లేచి నిలుచున్నాడు. అమ్మమ్మ కండ్లద్దములు సవరించుకొని, మూడవదానిని వదలి ఆరవదాని కడకు పోవును. ప్రదర్శనము ముగిసి, ఎవరి చిత్రములను వారి కిచ్చివేయునప్పుడు ఇంటికి తీసికొనిపోవుటకు ఆమె అడుగునదియు దానినే.